మంత్రాల ఆటను అంతరిక్షంలోకి మార్చడం ఎలా: అంకెలు కదపకుండా వేషం మార్చే పద్ధతి

జయపురం, కొరాపుట్, రాయగడ వైపు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ కథలోని పాత్రలుగా ఆడే ఆట) ఆడే తెలుగు బృందాలు తరచూ నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటాయి. "కత్తులు, కోటలు, డ్రాగన్లు చాలా ఆడాం. ఇక అంతరిక్ష నౌకలు కావాలి. దానికి కొత్త ఆట కొని, నియమాలన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలా?" అక్కర్లేదు. మీకు వచ్చిన నియమాలతోనే ఆడవచ్చు. అయితే అగ్నిగోళం మంత్రాన్ని "ప్లాస్మా బాంబు" అని, గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడిని "రోబో" అని పిలిచినంత మాత్రాన పని పూర్తి కాదు. అలా చేసిన ఆట గంట గడవకముందే తడబడుతుంది.

అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. వాటి వెనుక ఉన్న కారణాన్ని మార్చండి. మీ వర్ణన వినగానే ఆటగాడు నియమాన్ని ఊహించగలగాలి. ఈ వ్యాసంలోని ప్రతి మెట్టూ దానికోసమే.

కావలసినవి

- నియమాలు: ఈ ఆట అయిదో కూర్పు మూల నియమాల పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1 ఉచితంగా దొరుకుతుంది. 2023 జనవరిలో దాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. కింద నేను ఇచ్చిన అంకెలన్నీ అందులోవే. తర్వాత వచ్చిన 5.2లో కొన్ని అంకెలు వేరు. ఏదో ఒకదానికే కట్టుబడండి, రెండూ కలపకండి.
- పాచికలు: 4, 6, 8, 10, 12, 20 ముఖాలవి. చిన్న ఊళ్లలో దుకాణాల్లో దొరకకపోతే ఫోనులో పాచికల యాప్ చాలు. అదీ వద్దనుకుంటే 1 నుంచి 20 వరకు చీటీలు రాసి డబ్బాలో వేయండి. తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి డబ్బాలో వేసి కలపాలి. వేయకపోతే మిగిలిన అంకెలు వచ్చే అవకాశం పెరిగిపోతుంది, చివరికి ఏ చీటీ మిగిలిందో అందరికీ తెలిసిపోతుంది.
- ఒక నోటు పుస్తకం: పేజీని నాలుగు గళ్లు చేయండి. పాత పేరు, కొత్త పేరు, ఎలా పనిచేస్తుంది, దేనికి లొంగుతుంది. నాలుగో గడిని ఖాళీగా వదలకండి. తంటా వచ్చేది అక్కడే.

1. ముందు చోటును నిర్ణయించండి

గెలాక్సీ మొత్తం తయారు చేయాలని కూర్చుంటే ఆట మొదలుకాదు. ఒక్క చోటు చాలు. దాని కోసం సినిమాల్లో వెతకక్కర్లేదు, మన చుట్టూ ఉన్నదే కావలసినంత ఉంది. బైలాడిల్లా ఇనుప ఖనిజం జయపురం, కొరాపుట్ మీదుగా సొరంగాలు దాటుకుంటూ విశాఖపట్నం చేరుతుంది. పాత కథల్లో గోబ్లిన్లు దోచుకునే వర్తకుల బండ్ల బారుకు బదులు, గ్రహశకలం నుంచి ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండి పెట్టండి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి కొండ మీది నుంచి వించ్‌లో దిగుతారు. నేలమాళిగలోకి దిగే మెట్లకు బదులు అలాంటి వించ్ ఒకటి పెట్టి చూడండి. తీగ కిర్రుమంటుంది, కింద టర్బైన్ల హోరు మొదలవుతుంది, మధ్యలో కరెంటు పోతుంది. మాచ్‌ఖండ్ ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. రెండు ప్రభుత్వాలు ఒకే కేంద్రాన్ని పంచుకుంటే రోజూ ఎన్ని పేచీలు రావచ్చో మన వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం ఉంది. మీ బృందంలో అక్కడ పనిచేసే వాళ్ల పిల్లలు ఉంటే వర్క్‌షాప్ మాటలను వాళ్లనే అడగండి. షిఫ్ట్ ఇన్‌చార్జ్, గేజ్, వాల్వు, గేట్ పాస్ లాంటి మాటలు నాలుగు పడితే చాలు, కేంద్రం నిజంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

చోటు కుదిరాక రెండు సంగతులు రాసి పెట్టుకోండి. బయట గాలి ఉందా? తూటా తగిలితే గోడకు చిల్లు పడుతుందా? ఆట మధ్యలో ఎవరో ఒకరు ఈ రెండూ తప్పకుండా అడుగుతారు. అప్పటికప్పుడు చెప్పిన జవాబు తర్వాత ఇంకో చోట అడ్డం తిరుగుతుంది.

2. మంత్రాలన్నిటికీ ఒకే మూలం ఇవ్వండి

ఒక మంత్రానికి లేజర్, ఇంకో దానికి మానసిక శక్తి, మరొకదానికి గ్రహాంతరవాసుల సాంకేతికత అని విడివిడిగా కారణాలు చెప్పుకుంటూ పోతే ఆటగాళ్లకు ఏదీ గుర్తుండదు. ఒకే మూలం పెట్టండి. నేను వాడేది ఇది: మంత్రగాడు ఒంటికి బెల్టులా కట్టుకునే పరికరం, అందులో చార్జ్ చేసిన సెల్స్.

ఇప్పుడు పాత నియమాలు ఎలా ఇమిడిపోతాయో చూడండి. రోజుకు ఇన్ని మంత్రాలే వాడాలన్న పరిమితి సెల్స్ లెక్క అవుతుంది. పెద్ద మంత్రానికి పెద్ద సెల్ కావాలి. ఎనిమిది గంటల దీర్ఘ విశ్రాంతి సెల్స్ చార్జ్ అయ్యే సమయం. మంత్రానికి కావలసిన మాట, చేతి కదలిక, వస్తువు ఇక్కడ స్వర ఆదేశం, చేతి తొడుగుతో ఇచ్చే సంకేతం, లోపల పెట్టే క్యాట్రిడ్జ్ అవుతాయి. అందుకే నోరు కట్టేస్తే పరికరం పలకదు, చేతులు కట్టేస్తే కదలదు. బయట గాలి లేనప్పుడు స్వర ఆదేశం హెల్మెట్‌లోని మైకు ద్వారా వెళుతుందని ముందే చెప్పేయండి. లేకపోతే శూన్యంలో మాట ఎలా వినిపిస్తుందన్న చర్చలోనే సాయంత్రం గడిచిపోతుంది.

ఏకాగ్రత కావలసిన మంత్రాలను నిరంతరం చేత్తో నడపాల్సిన డ్రోన్ల కింద చూపించండి. దెబ్బ తగిలితే ఏకాగ్రత నిలబెట్టుకోవడానికి 10 గానీ, తగిలిన దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే దాన్ని పాచికతో అందుకోవాలి. డ్రోన్ నడిపే వాడిని ఎవరైనా కుదిపితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఎదుటి వాడి మంత్రాన్ని అడ్డుకునే కౌంటర్‌స్పెల్ జామర్ అవుతుంది. 60 అడుగుల పరిధి, ప్రత్యర్థి పరికరం వాడటం కంటికి కనబడాలన్న షరతు, రెండూ అలాగే ఉంచండి.

మాయను పసిగట్టే డిటెక్ట్ మ్యాజిక్ నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. దాని పరిధి 30 అడుగులు. అయితే ఒక అంగుళం మందం లోహమో, ఒక అడుగు రాయో అడ్డం వస్తే పనిచేయదు. పాత కోటల్లో ఈ నియమాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇనుప గోడల నౌకలో మాత్రం స్కానర్ గది దాటి చూడలేదు. ప్రతి తలుపూ తెరిచే చూడాలి. ఒక్క అంకె కూడా మార్చకుండానే మీకు భయం పుట్టించే నౌక దొరికింది.

తర్వాత వచ్చే ప్రశ్న: "అది పరికరమే అయితే నేనూ కట్టుకుని వాడతాను. యోధుడిని అయితే ఏం?" జవాబు సిద్ధంగా ఉంచుకోండి. పరికరం వాడేవారి నాడులకు అనుసంధానమై ఉంటుంది, దానికి ఏళ్ల శిక్షణ కావాలి అంటే సరిపోతుంది. ఈ జవాబు లేకపోతే మంత్రగాడి పాత్రకు విలువే ఉండదు.

3. ఆయుధాలను తొందరపడి పెంచకండి

లాంగ్‌బో (పొడవాటి విల్లు) దెబ్బ 1డి8, అంటే ఎనిమిది ముఖాల పాచిక ఒకటి. మామూలు పరిధి 150 అడుగులు, గరిష్ఠం 600. దాన్ని రైఫిల్ అనండి. దెబ్బ 1డి8గానే ఉంచండి. "లేజర్ తగిలితే మనిషి బతుకుతాడా?" అని ఎవరో అంటారు. వాళ్ల మాట విని 3డి8 చేశారంటే శత్రువుల ప్రాణాంకాలు (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె) పెంచాలి, తర్వాత వైద్యం పెంచాలి, చివరికి కొత్త ఆట రాయడమే మిగులుతుంది. బాణం తగిలినా మనిషి బతికే లెక్కలోనే ఈ ఆట నడుస్తోంది కదా. కవచాలు కూడా భవిష్యత్తువే, అక్కడితో సరి.

రక్షణాంకం (దాడి తగలాలంటే పాచికతో అందుకోవలసిన అంకె) 18 ఇచ్చే ప్లేట్ కవచాన్ని బరువైన యంత్రకవచం చేయండి. అది ఉంటే చప్పుడు కాకుండా నడవడం కష్టమన్న నియమం దానికి చక్కగా అతుకుతుంది. తుపాకులుండగా కత్తులెందుకన్న ప్రశ్నకు ఒకటో మెట్టులో రాసుకున్నది పనికొస్తుంది. గోడకు చిల్లు పడితే గాలి పోయే చోట లోపల తుపాకీ పేల్చడం నిషేధమంటే కత్తికి గౌరవం దానంతటదే వస్తుంది.

4. దెబ్బల రకాలకు ఒక జాబితా

దీన్ని ఒక్కసారి రాసి బల్ల మీద పెట్టండి, ఆట చివరి దాకా మార్చకండి.

- నిప్పు: ప్లాస్మా
- చలి: శీతలీకరణ ద్రవం
- మెరుపు: విద్యుత్తు
- ఉరుము: ధ్వని తరంగం
- కాంతి: లేజర్
- క్షయం: రేడియేషన్
- బలం: గురుత్వ తరంగం

ఆమ్లం, విషం, మానసిక దెబ్బ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. నిప్పునూ కాంతినీ రెండింటినీ "లేజర్" అన్నారంటే నిప్పుకు లొంగని శత్రువు మీద ఏది పనిచేస్తుందో ఆటగాడికి తెలియదు.

5. శత్రువులు: అసలు పని ఇక్కడే

ట్రోల్ అనే రాక్షసుడిని తీసుకోండి. రక్షణాంకం 15, ప్రాణాంకాలు 84. తన వంతు మొదట్లో 10 ప్రాణాంకాలు తిరిగి వస్తాయి. నిప్పు గానీ ఆమ్లం గానీ తగిలితే తర్వాతి వంతులో ఆ శక్తి పనిచేయదు. చాలామంది దీన్ని "తనను తాను బాగుచేసుకునే రోబో" అంటారు. వినడానికి బాగుంది. కానీ రోబో అనగానే ఆటగాడు విద్యుత్తుతో కొడతాడు. నియమంలో విద్యుత్తు ఆ శక్తిని ఆపదు. ఆలోచించి ఆడిన ఆటగాడు నష్టపోయాడు, తప్పు అతనిది కాదు.

దారులు రెండు. వర్ణనను మార్చి, "గాయం మీద తడి జిగురు లాంటి పదార్థం పాకుతూ పూడుకుంటోంది, వేడి పైపు తగిలిన చోట మాత్రం అది ఎండి పెచ్చులూడుతోంది" అని చెప్పండి. నిప్పు వాడాలని ఆటగాడికి తడుతుంది. లేదా బలహీనతనే మార్చి, నిప్పు, ఆమ్లాలకు బదులు విద్యుత్తు, ఆమ్లం అని రాయండి. అప్పుడు మీ ఆటగాళ్ల దగ్గర విద్యుత్తు దెబ్బ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే శత్రువు బలం పెరిగినట్టే. నేనైతే మొదటి దారినే ఎంచుకుంటాను. లెక్కకు చెయ్యి తగలదు.

ఇక గోబ్లిన్: రక్షణాంకం 15, ప్రాణాంకాలు 7, చిటికెలో జారుకునే లేదా దాక్కునే నేర్పు. గాలి గొట్టాల్లో తిరిగే చిన్న మరమ్మతు డ్రోన్‌గా చేస్తే ముచ్చటగా ఉంటుంది. కానీ గోబ్లిన్ నియమాల ప్రకారం మానవాకార జీవి. మానవాకార జీవుల మీద మాత్రమే పనిచేసే చార్మ్ పర్సన్ (మనసు మళ్లించేది), హోల్డ్ పర్సన్ (కదలకుండా ఆపేది) మంత్రాలు దాని మీద పనిచేస్తాయి, విషమూ పనిచేస్తుంది. డ్రోన్‌కు విషమా? ఇక్కడ వేషం చిరిగిపోతుంది. గోబ్లిన్‌ను ప్రాణమున్న దొంగగానే ఉంచి, దొంగిలించిన స్పేస్‌సూట్ తొడగండి. యంత్రం కావాలంటే మొదటి నుంచే యంత్రంలా రాసిన శత్రువును ఎంచుకోండి.

దానికి యానిమేటెడ్ ఆర్మర్‌ను మించింది లేదు. అది తనంతట కదిలే ఖాళీ కవచం. రక్షణాంకం 18, ప్రాణాంకాలు 33. విషం, మానసిక దెబ్బ తగలవు. కదలకుండా ఉన్నంతసేపు మామూలు కవచానికీ దానికీ తేడా తెలియదు. మాయను తుడిచేసే డిస్పెల్ మ్యాజిక్ దాని మీద పడితే, తట్టుకోలేకపోతే ఒక నిమిషం పాటు స్పృహ తప్పుతుంది. దీన్ని లాకర్ గదిలో వేలాడే ఖాళీ స్పేస్‌సూట్ చేయండి. వరసగా ఆరు సూట్లు, ఐదింటి మీద దుమ్ము, ఆరో దాని చేతి తొడుగు మీద మాత్రం దుమ్ము లేదు. డిస్పెల్ మ్యాజిక్‌ను పరికరాల విద్యుత్తు కోసేసే పల్స్ అని ముందే చెప్పి ఉంటే, ఆ సూట్ ఎందుకు కుప్పకూలిందో ఎవరూ అడగరు. అక్షరం మార్చనక్కర్లేని మార్పు ఇది. ఇలాంటివి ముందు వెతకండి, కష్టమైనవి తర్వాత చూసుకోవచ్చు.

డ్రాగన్ మామూలు ఓడ అయిపోతే సగం చచ్చిపోతుంది. డ్రాగన్ మాట్లాడుతుంది, ఆశపడుతుంది, బేరమాడుతుంది. ఖనిజం పోగేసుకుని ఎవరికీ ఇవ్వని ఒంటరి నౌక చేసి, దానికి గొంతు ఇవ్వండి. ఆరు ముఖాల పాచిక మీద 5 గానీ 6 గానీ పడినప్పుడే దాని దెబ్బకొట్టే ఊపిరి మళ్లీ సిద్ధమవుతుంది. పడగానే శీతలీకరణ రెక్కలు ఎర్రబడ్డాయని చెప్పండి, ఆటగాళ్లు పరుగెత్తి దాక్కుంటారు.

6. జాతులు: ఇక్కడ జాగ్రత్త

డ్వార్ఫ్ అనే పొట్టి జాతికి విషాన్ని తట్టుకునే శక్తి, చీకట్లో చూపు, 25 అడుగుల నడక ఉంటాయి. తరతరాలుగా గనుల్లో విషవాయువుల మధ్య పుట్టి పెరిగిన వాళ్లు అంటే అన్నీ అతుకుతాయి. అర్ధ ఎల్ఫ్‌ను మన ప్రాంతంలో వివరించడం చాలా తేలిక. రెండు జాతుల మధ్య పుట్టి, మూడు భాషలు మాట్లాడే మనిషి. కొటియా గ్రామాలు తమవేనని ఆంధ్ర, ఒడిశా రెండూ అంటాయి. అలాంటి సరిహద్దు ఉపగ్రహంలో పుట్టి, రెండు ప్రభుత్వాల గుర్తింపు కార్డులూ ఉన్న పాత్ర ఇవ్వండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా మాట్లాడుతూ పెరిగిన ఆటగాడు దానిలోకి వెంటనే ఒదిగిపోతాడు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. గోబ్లిన్లు, ఓర్క్‌లను గ్రహాంతర "అడవి జాతి"గా మార్చేటప్పుడు బోండా, కోంధ్, గదబ, పరజ ఆదివాసుల దుస్తులు, నగలు, మాటలు, ఇళ్లు వాటికి తగిలించకండి. వాళ్లు మన పొరుగువాళ్లు, మన తరగతి గదుల్లో కూర్చునే వాళ్లు. మీ బల్ల దగ్గరే ఒకరు ఉండవచ్చు. శత్రువులకు ఒక ఉద్దేశం ఇవ్వండి: ఖనిజం కావాలి, ఓడ కావాలి, పగ ఉంది. ఉద్దేశం ఉన్న శత్రువుకు ఎవరి పోలికా అక్కర్లేదు. అలాగే ఊళ్లో పూజలందుకునే దేవతలను నౌకలోని కంప్యూటర్లుగానో రాక్షసులుగానో మార్చకండి.

7. వైద్యం, భక్తి

దేవుడి శక్తితో మంత్రాలు వేసే క్లెరిక్‌ను వైద్యుడిని చేసి, గాయాలు మాన్పే మంత్రాన్ని సూక్ష్మ యంత్రాల ఇంజెక్షన్ అనవచ్చు. 2డి4+2 ప్రాణాంకాలు ఇచ్చే పోషన్ అనే మందు చిన్న ఇంజెక్షన్ పెన్ అవుతుంది. అయితే భక్తిని తీసేయాలని ఏమీ లేదు. అంతరిక్షంలోనూ మనుషులు మొక్కుకుంటారు. ఆటగాడిని అడిగి, అతనికి నచ్చినట్టు చేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, మంత్రం చేసే ప్రతి చిన్న పనినీ చదవకుండా పేరు మార్చేయడం. అగ్నిగోళం (ఫైర్‌బాల్) 150 అడుగుల దూరం దాకా వెళ్లి, 20 అడుగుల వ్యాసార్ధంలో 8డి6 దెబ్బ కొడుతుంది. తప్పించుకున్న వాళ్లకు సగం. ఇంతవరకు గ్రెనేడ్‌కు సరిపోతుంది. కానీ అది మూలలు చుట్టి వ్యాపిస్తుంది, ఎవరి ఒంటి మీదా చేతిలోనూ లేని, మండే వస్తువులన్నీ అంటుకుంటాయి. ముక్కలు ఎగిరే గ్రెనేడ్ మూల తిరగదు. మండే వాయువు అంటే రెండూ కుదురుతాయి. మంత్రం వర్ణనను చివరి వాక్యం దాకా చదివి, ప్రతి వాక్యానికీ కొత్త లోకంలో జవాబు ఉందో లేదో చూడండి.

చార్మ్ పర్సన్‌ను "హ్యాకింగ్" అనడం ఇంకొకటి. అది మానవాకార జీవుల మీదే పనిచేస్తుంది, యంత్రాల మీద పనిచేయదు. హ్యాకింగ్ అన్నారంటే ఆటగాడు తలుపు తాళం మీద, రోబో మీద వాడబోతాడు. మెదడును మెత్తబరిచే స్ప్రే అనండి, గొడవ ఉండదు.

ఎప్పుడూ గురి తప్పని మ్యాజిక్ మిసైల్‌కు తనంతట వెతుక్కుని తగిలే చిన్న క్షిపణుల వేషం బాగా నప్పుతుంది. అయినా కొందరు "గురి చూసి కొట్టు" అని పాచిక వేయిస్తారు. కొత్త పేరు విని పాత నియమం మరిచిపోకండి.

సరిచూసుకోవడం ఎలా

చిన్న పోరాటం ఒకటి పాత పేర్లతో ఆడండి, పడిన ప్రతి అంకె రాసుకోండి. అదే పోరాటాన్ని అవే అంకెలతో, అవే ఎత్తులతో కొత్త పేర్లతో మళ్లీ నడపండి. ఎవరు ఎన్నో వంతులో పడ్డారన్నది రెండుసార్లూ ఒకేలా ఉండాలి. తేడా వస్తే ఎక్కడో మీకు తెలియకుండా అంకె కదిలింది.

తర్వాత నియమాలు తెలియని వాళ్లకు, ఇంట్లో తమ్ముడో చెల్లెలో అయినా సరే, శత్రువు వర్ణన మాత్రమే చదివి వినిపించండి. "దీన్ని దేనితో కొడతావు?" అని అడగండి. వాళ్ల జవాబు మీ నోటు పుస్తకంలోని నాలుగో గడితో కలిస్తే వర్ణన సరిగ్గా ఉంది. కలవకపోతే వర్ణనను తిరగరాయండి, నియమాన్ని కాదు.

మొదటి రోజుల్లో ఆటగాళ్లు పాత పేర్లే వాడతారు. సరిదిద్దకండి. పాత్రల కాగితం మీద కొత్త పేరు పెద్దగా, పాత పేరు పక్కనే చిన్నగా రాసి ఇస్తే నియమం వెతుక్కోవడం సులువవుతుంది. వేషం కుదరని మంత్రాన్ని ఈ ఆటలో లేదని చెప్పి, దాని బదులు ఇంకొకటి ఎంచుకోమనండి. లాగి పీకి అతికించిన దానికంటే అది మేలు.

మీ మార్పులను పదిమందికీ పంచాలనుకుంటే లైసెన్సు షరతు ఒకటుంది: మూల పత్రం పేరు, దాని హక్కుదారులు, లైసెన్సు, మీరు మార్పులు చేశారన్న సంగతి రాయాలి. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి కొన్ని జీవుల నియమాలు 5.1 పత్రంలో లేవు. వాటిని మీ బల్ల దగ్గర ఎలాగైనా వాడుకోండి, పంచే పత్రంలో మాత్రం పెట్టకండి.